చేపలు తోమే చేతికి రవ్వ ఉంగరం

అక్కయ్యగారు పోయారన్న కబురు నాకు గుడివాడ స్టేషన్లో తెలిసింది. మా చెల్లెల్ని బెజవాడ బండి ఎక్కించడానికి వెళ్ళాను. బందరు పాసింజరు దిగిన ఒక అమ్మాయి, ఒకప్పుడు మా దగ్గర చదువుకున్న పిల్లే, నన్ను చూసి గబగబా వచ్చింది. "టీచర్, మీకు తెలుసాండీ? ఇవాళ తెల్లారేసరికి సైన్సు టీచరుగారు పోయారండి" అంది. లేచి, కాఫీ కాచి, అత్తగారికి గ్లాసు అందించి, తన గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి అట్లాగే గోడకి ఒరిగిపోయారట. చెల్లెల్ని ప్లాట్‌ఫారం మీదే వదిలేసి నేను బందరు వైపు వెళ్ళే బండి ఎక్కాను.

బండి కదిలాక నాకు ఏడుపు కంటే ముందు ఒక భయం పట్టుకుంది. చెబితే విడ్డూరంగా ఉంటుంది. మామ్మగారు ఇప్పుడు ఆ ఉంగరాన్ని ఏమంటారో అని భయం.

మామ్మగారంటే అక్కయ్యగారి అత్తగారు. ఉంగరమంటే అక్కయ్యగారి ఎడమచేతికి ఎప్పుడూ ఉండే ఒంటిరవ్వ ఉంగరం. బందరులో ఆమెను ఎరిగినవాళ్ళందరికీ ఆ ఉంగరం తెలుసు. అది ఆ వేలికి ఎట్లా వచ్చిందో తెలిసినవాళ్ళు తక్కువ. నాకు తెలుసు గనక చెబుతున్నాను.

అక్కయ్యగారు నాకు చుట్టం కాదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో నేను ఉద్యోగంలో చేరి బందరు వచ్చినప్పుడు వాళ్ళింట్లో ముందు వాటాలో అద్దెకి దిగాను. ఇద్దరం ఒకే ఆడపిల్లల స్కూల్లో పనిచేసేవాళ్ళం. ఆవిడ సైన్సు, నేను తెలుగు. మొదటిరోజు "టీచరుగారూ" అన్నాను. వారం తిరిగేసరికి "అక్కయ్యగారూ" అయిపోయారు. దివిసీమలో ఒక చిన్న పల్లె ఆవిడది. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, మా వాళ్ళందరిలాగే చదువు పట్టుకుని పైకొచ్చిన మనిషి.

ఆవిడకి ప్రతిదీ వింతే. చేపలమ్మే ఆమె గుమ్మం ముందు గంప దించితే బేరం కంటే ముందు ప్రశ్నలు మొదలయ్యేవి. "ఇది ఏ నీళ్ళలో దొరికింది? గుడ్లు ఎప్పుడు పెడుతుంది? దీనికి రెప్పలు లేవు కదా, నిద్రపోతుందంటావా?" ఆమె తల పట్టుకుని, "కొంటే కొనండమ్మా, లేకపోతే మీ పరీక్షలు పిల్లలకి పెట్టుకోండి" అనేది. ఎవరైనా "అట్లా అంటారండీ", "అట్లా అనుకుంటారండీ" అంటే అక్కయ్యగారికి గిట్టేది కాదు. "అనుకోవడం ఎందుకమ్మా, చూస్తే పోలా?" అనేవారు. ఆ మాట ఇప్పుడు నా నోటికీ వచ్చేసింది. క్లాసులో ఛందస్సు చెబుతూ కూడా అనేస్తుంటాను.

ఒకసారి పిల్లల్ని హంసలదీవి తీసుకువెళ్ళాం, కృష్ణ సముద్రంలో కలిసేది చూపించాలని. "ఎక్కడ కలుస్తుంది టీచర్?" అని పిల్లలు అడిగితే నేను చెయ్యి చాపి "అదిగో, అక్కడ" అనేశాను. తెలుగు టీచర్ని కదా, నాకు అది చాలు. ఆవిడ కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నీళ్ళలోకి దిగారు. నాలుగడుగులు వెయ్యడం, దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలిక్కి తగిలించుకోవడం. "ఇది ఇంకా కృష్ణే. ఇది కూడా కృష్ణే. ఇక్కడ కొంచెం అనుమానంగా ఉంది." పిల్లలంతా వెనకాలే దిగి రుచి చూడటం మొదలుపెట్టారు. ఒక పిల్ల సముద్రం వచ్చేసిందంటుంది, పక్క పిల్ల కాదు కృష్ణే అంటుంది. జాలర్లు పడవ ఆపుకుని మమ్మల్ని చూసి నవ్వారు. చీర మోకాళ్ళ దాకా తడుపుకుని ఒడ్డుకొచ్చి, "చూశావా, ఏ ఇద్దరికీ ఒకే చోట దొరకలేదు!" అన్నారు. ముఖం వెలిగిపోతోంది. నేను మాత్రం తడిసిన పిల్లల్ని ఇళ్ళల్లో ఏమని అప్పజెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

ఇక ఉంగరం సంగతి. ఆవిడ పెళ్ళి యుద్ధం రోజుల్లో జరిగింది. తాళి అమరింది గానీ ఉంగరానికి బంగారం అమరలేదు. పాస్టరమ్మగారు తన వేలి ఉంగరం తీసి ఇచ్చారట. ఆ సంఘంలో అప్పట్లో చాలా పెళ్ళిళ్ళు ఆ ఒక్క ఉంగరంతోనే జరిగేవట. పెళ్ళవగానే తీసి తిరిగి ఇచ్చెయ్యాలి. "నా పెళ్ళి ఉంగరం భోజనాల దాకా కూడా నా వేలికి లేదమ్మా" అని ఆవిడ నవ్వేవారు. ఆవిడ భర్త మాత్రం నవ్వేవారు కాదట. పోర్టాఫీసులో గుమాస్తా. ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకుని, ఒకరోజు రాళ్ళ వ్యాపారం చేసే సాయిబుగారి దగ్గర ఒక రవ్వ కొని, కాగితం పొట్లంలో తెచ్చి చేతిలో పెట్టారు. "ఉంగరం ఎట్లా చేయించుకుంటావో నీ ఇష్టం. రోజూ పెట్టుకునేదై ఉండాలి. పండక్కి పెట్టుకుని మర్నాడు పెట్టెలో దాచేదైతే నాకొద్దు" అన్నారట.

చేయించే లోపలే ఆయనకి టైఫాయిడ్ వచ్చింది. దక్కలేదు.

మామ్మగారు వయసులో ఉన్నప్పుడు దివిసీమలో ఒక పెద్ద ఆసామి ఇంట్లో పనిచేశారు. ఆ ఇళ్ళల్లో రవ్వ కొనాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు ఇంటికి తెచ్చి కొన్నాళ్ళు ఉంచుతారు. ఆ రోజుల్లో ఇంట్లో మంచి జరిగితే కొంటారు. పాలు విరిగినా, పిల్లవాడు జారిపడినా నప్పలేదని తిరిగి ఇచ్చేస్తారు. వర్తకులు కూడా ఏమీ అనుకోరు. సాయిబుగారు ఆ అలవాటు ప్రకారమే, "ఇంట్లో పెట్టి చూసుకోండి బాబూ, నప్పకపోతే వెనక్కి ఇవ్వండి" అన్నారట. "మాకు అట్లాంటి పట్టింపులు లేవండి" అని ఆయన అక్కడికక్కడే కొనేశారు. ఇంటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నారు కూడా. కొడుకు పోయాక మామ్మగారికి అదే పట్టుకుంది. "మనం నమ్మంలే, మనది ప్రభువుని నమ్ముకున్న ఇల్లు. అయినా చూడకుండా తెస్తారా రవ్వని?" అని ఎవరొచ్చినా అనేవారు. ఆ 'అయినా'ని మాత్రం ఒత్తి పలికేవారు.

నేను ఆ వాటాలో ఉండగానే గుడివాడ నుంచి ఆడపడుచుగారు వచ్చి రవ్వని అమ్మెయ్యమని పట్టుబట్టారు. అక్కయ్యగారు అంతా విని, "అమ్మితే ఎవరో ఒకావిడ కొంటుంది వదినా. ఆవిడకి ఈ కథ చెప్పి అమ్మాలా, చెప్పకుండా అమ్మాలా?" అన్నారు. ఆడపడుచుగారు పమిట సర్దుకున్నారు. "అయితే నేనే పెట్టుకుంటాను. ఆయన నన్నే పెట్టుకోమన్నారు" అన్నారు అక్కయ్యగారు.

మామ్మగారు చుట్టుకుంటున్న తమలపాకు కింద పెట్టేశారు. "ఆ రాయి నీ వేలికెక్కిన రోజు నేను అవనిగడ్డ పెద్దాడి దగ్గరికి వెళ్ళిపోతా. కొడుకుని సాగనంపాను. కోడల్ని కూడా సాగనంపమంటే నా వల్ల కాదు."

అది ఉత్తుత్తి బెదిరింపు కాదు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆయన పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరే. ఒకరి తలకి ఒకరు నూనె రాసుకుంటూ, ఒకరి మీద ఒకరు కోప్పడుతూ, ఒకరు తినకపోతే ఇంకొకరు తినకుండా బతుకుతున్నారు. అక్కయ్యగారికి ఆ ముసలావిడా కావాలి, ఆ ఉంగరమూ కావాలి. రెండూ ఒక ఇంట్లో ఇమడవని ముసలావిడ తేల్చేశారు.

అయినా అక్కయ్యగారు నాతో మా ఊరు గుడివాడ వచ్చారు, మా ఇంటికి నగలు చేసే ఆచారిగారి దగ్గరికి. "చేయించడం తర్వాత. రోజూ పెట్టుకునే రవ్వ ఉంగరం అసలెట్లా ఉండాలో తెలుసుకుంటే తప్పేముంది?" అన్నారు. ఆచారిగారు నమూనాలు పరిచారు. రాయిని పైకి లేపి సన్నటి బంగారు ముళ్ళతో పట్టి ఉంచినవి, రాయి అంచు చుట్టూ బంగారం వత్తి బిగించినవి, అడుగు మూసినవి, అడుగు తెరిచినవి. పైకి లేపినదే బాగా మెరుస్తుందని దాన్ని ముందుకి జరిపారు.

"దీంతో పిండి కలిపితే ఏమవుతుందండీ?" అన్నారు అక్కయ్యగారు.

"సందుల్లోకి దూరుద్దండి. తీసి పక్కన పెట్టి కలుపుకోవాలి."

"బట్టలు ఉతికితే?"

"తీసి పక్కన పెట్టాలండి."

"చేపలు తోమితే?"

ఆచారిగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అమ్మా, రవ్వ ఉంగరం పెట్టుకునేవాళ్ళు చేపలు తోమరండి."

"నేను తోముతానండి."

ఆయన నవ్వేశారు. "అయితే నా దగ్గర జవాబు లేదమ్మా. ఇట్టా ఎవరూ అడగలేదు." జవాబు లేని చోటు కనబడితే అక్కయ్యగారికి ప్రాణం లేచొస్తుంది. రవ్వ పొట్లం ఆయన దగ్గరే ఉంచి, ఆకారం తేలాక కబురు చేస్తానని చెప్పి బయల్దేరారు.

బందరు రాగానే చిలకలపూడి వెళ్ళారు. గిల్టు నగలకి పేరుపడ్డ చోటు కదా. ఆచారిగారు ముందుకి జరిపిన ఉంగరంలాంటిదే, గాజురాయి పెట్టించి చేయించుకున్నారు. దాన్ని పెట్టుకుని అన్ని పనులూ చేసి చూడాలి, ఎక్కడ అడ్డొస్తుందో తెలిశాకే బంగారం జోలికి వెళ్ళాలి అని ఆవిడ ఉద్దేశం.

గాజని మామ్మగారికి చెప్పేవారే. కానీ గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే, కళ్ళు పొరలు కమ్మిన ఆ ముసలావిడ ఎట్లా కనిపెట్టారో ఆ తళుకు కనిపెట్టి, "పెట్టేసుకున్నావా!" అని కూలబడ్డారు. పెద్దకొడుక్కి కబురు చెయ్యమన్నారు. అక్కయ్యగారు ఏదో చెప్పబోయి ఆగారు. "కోతలయ్యేదాకా పెద్దబావగారు ఎట్లా వస్తారు అత్తయ్యా? ఈలోగా మీరు అప్పుడు చూడాలన్న పరీక్షేదో ఇప్పుడు చూద్దాం. ఏం జరుగుతుందో మీరే కనిపెట్టండి" అన్నారు. నిజం చెప్పెయ్యొచ్చు కదా అని నేను బయటికొచ్చాక సణిగాను. "గాజని ఇప్పుడు చెబితే, రేపు అసలుది వచ్చినప్పుడు మళ్ళీ ఇదే కదమ్మా. ఉండు, చూద్దాం" అన్నారు.

ఆ కోతల రోజులు మా వీధికి మంచి కాలక్షేపం. పాలు విరిగితే ఉంగరం. పెంకుల మీద కొబ్బరిమట్ట పడితే ఉంగరం. ఎదురింటివాళ్ళ మేక కవలల్ని ఈనితే అదీ ఉంగరమే. "అత్తయ్యా, మేక సంగతి మంచిలో వెయ్యాలా, చెడులో వెయ్యాలా?" అని అక్కయ్యగారు నిజంగానే అడిగేవారు. మామ్మగారు కూడా వెటకారమనుకోకుండా ఆలోచించి, "మేక మనది కాదుగా. మధ్యలో ఉంచు" అన్నారు. పాస్టరమ్మగారు వచ్చి, రాళ్ళనీ రప్పల్నీ నమ్మడం విశ్వాసులకి తగదని చక్కగా చెప్పి, కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నన్ను ఆపి "ఇంతకీ ఆదివారం ప్రార్థనకి ఆ ఉంగరంతోనే వచ్చి నా పక్కన కూర్చుంటుందంటావా?" అని గుసగుసగా అడిగారు. ఊరంతా గిల్టు నగలు చేసే చోట ఉంటూ, అది గిల్టేమోనని ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకు నవ్వాపుకోవడం కష్టమైపోయేది.

అక్కయ్యగారి పరీక్ష మరోపక్క సాగుతోంది. ఉంగరం హాస్టలు పిల్లల జడల్లో చిక్కుకునేది. చీర పోగులు లాగేది. ఒకరోజు చేపలు తోమాక రాయి కింద పొలుసు ఇరుక్కుంటే, చీపురుపుల్లతో తీసుకుంటూ "ఎత్తు పనికిరాదు" అని తేల్చారు. చిలకలపూడి వెళ్ళి రాయిని కిందికి దింపించుకుని, అడుగు మూయించుకొచ్చారు. ఈసారి సబ్బునీళ్ళు లోపలికి చేరి రాయి మసకేసింది. "మూస్తే పనికిరాదు, నీళ్ళు వచ్చిన దారినే పోవాలి" అంటూ మళ్ళీ వెళ్ళారు. ఇదంతా ఆవిడ పైకే మాట్లాడుకునేవారు, అరుగు మీద కూర్చున్న మామ్మగారికి వినబడేట్టుగా.

కోతలు అయిపోవస్తుండగా అక్కయ్యగారికి జ్వరం తగిలింది. నాలుగు రోజులైనా దిగకపోయేసరికి డాక్టరుగారు చూసి టైఫాయిడ్ అన్నారు. ఆ ఇంటి కొడుకుని తీసుకుపోయిన జ్వరమే అది. మామ్మగారు మంచం పక్కన నేలమీద కూర్చున్నారు. కోప్పడలేదు. ఆ ఉంగరం చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "తీసెయ్యవే తల్లీ. నేనెక్కడికీ వెళ్ళను. నిన్నేమీ అనను. తీసెయ్" అని బతిమాలారు. ఆ గొంతు విని నేను తట్టుకోలేకపోయాను.

అక్కయ్యగారు ఉంగరం తీసి, "పచ్చడిబండ తెచ్చి దీన్ని కొట్టమ్మా" అన్నారు నాతో. గడప మీద పెట్టి కొట్టాను. రాయి పొడి పొడి అయింది. అంత దెబ్బకి అసలు రవ్వ అయినా పగిలేదేనని తర్వాత ఆవిడే నాకు చెప్పారు. అప్పటికి మామ్మగారికి ఆ సంగతి తెలియకపోవడం మా అదృష్టం.

"అది గాజు అత్తయ్యా, చిలకలపూడిది. అసలుది గుడివాడలో ఆచారిగారి దగ్గరుంది. ఈ కోతలన్నాళ్ళూ అది మన ఇంట్లోనే లేదు."

మామ్మగారు ఆ పొడి వంకే చూస్తున్నారు. "మరి పాలెందుకు విరిగినయ్యి?"

"గిన్నె సరిగ్గా తోమలేదు నేను."

"మరి నీకు జ్వరం?"

"జ్వరం జ్వరంగానే వచ్చింది అత్తయ్యా. ఆయనకీ అట్లాగే వచ్చింది."

ముసలావిడ అప్పుడు ఏడ్చారు. కొడుకు పోయిన రోజున కూడా ఆవిడ కంటతడి పెట్టలేదని వీధిలో చెప్పుకునేవారు. ఇన్నేళ్ళూ ఆ రాయి మీద కోపంతో ఉన్నారు. కోపం పెట్టుకోవడానికి ఏమీ లేకుండా పోయేసరికి ఇక మిగిలింది కొడుకు లేకపోవడమే. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది. అక్కయ్యగారు అంత జ్వరంలోనూ ఆవిడ తల నిమురుతూ పడుకున్నారు.

ఆయన రోజుల్లో లేని మందు అప్పటికి వచ్చింది. జ్వరం దిగింది. పథ్యం పెట్టాక మామ్మగారు నన్ను పిలిచి, "గుడివాడ ఎప్పుడెళ్తున్నావు? నన్నూ తీసుకెళ్ళు" అన్నారు. ఆచారిగారి దుకాణంలో పీట మీద కూర్చుని, నమూనాలన్నీ ఒక్కొక్కటే బొటనవేలితో తడిమి చూశారు. "ఇది ఎత్తు నాయనా. మా కోడలు చేపలు తోముద్ది. ఇదేమో అంచు గీరుకుంటంది, పిల్లకి జడేస్తే గుచ్చుకోదూ? బంగారాన్ని అంచుదాకా రానియ్యి. రాయి తల బయటికి పెట్టకూడదు. కింద మాత్రం మూయమాక, నీళ్ళు నిలుస్తయ్యి." ఆచారిగారు నా వంక చూశారు, ఈవిడకి ఇవన్నీ ఎవరు చెప్పారన్నట్టు. పాలు విరగడం, మట్టలు పడటం కనిపెడుతున్నారనుకున్న మనిషి, కోడలు పొలుసు తీసుకుంటూ గొణుక్కున్నదంతా కూడా విని పెట్టుకున్నారని నాకు అప్పుడు తెలిసింది.

ఆ ఉంగరం చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. వేలికి అణిగిపోయి ఉంటుంది. సుద్దముక్క దుమ్ములో, బూడిదలో, మినప్పిండిలో అది అక్కయ్యగారి చేతినే ఉంది. తర్వాత నేను గుడివాడ వచ్చేశాను. బందరు వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. ఏ పనిలో ఉన్నా ఆ చెయ్యి చాచి, "రా అమ్మా, సమయానికొచ్చావు, ఇది చూడు" అనేవారు. ఒకసారి చూడమన్నది విచ్చుతున్న గుమ్మడి పువ్వు. ఒకసారి చీమల బారు. నాకు ఓపిక తక్కువ. ఆవిడ పక్కన కూర్చుంటే మాత్రం చీమల్ని కూడా గంటసేపు చూడగలిగేదాన్ని. ఇక ఎవరు చూపిస్తారు నాకు?

నేను చేరేసరికి ఇంటినిండా జనం. స్నానం చేయించేటప్పుడు తీసిన ఉంగరం ఒక సాసరులో అలమార మీద ఉంది. అంతమందిలో ఒక్కరూ దాని దగ్గరికి వెళ్ళడం లేదు. సాయంత్రం సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చాక వంటింట్లో ఆడపడుచుగారు ఎవరితోనో, "అమ్మెయ్యమని నేను అప్పుడే మొత్తుకున్నాను. ముందు తమ్ముడు, ఇప్పుడు ఇదీ" అంటున్నారు. మామ్మగారు వినబడేంత దూరంలోనే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నా భయం నిజమైపోతుందనుకున్నాను. ఆ పూట ఎవరి పక్కనా కూర్చోలేకపోయాను.

మర్నాడు పొద్దున వెళ్ళొస్తానని చెబుదామని వెళ్తే, మామ్మగారు వెనక వసారాలో కూర్చుని ఉన్నారు. "పంతులమ్మా, ఆ సాసరు ఇట్టా అందుకో. తెల్లదారం కూడా తే" అన్నారు.

తెచ్చి ఇచ్చాను. ఉంగరం తీసి తన వేలికి తొడుక్కున్నారు. ఎముకల మీద అది గిర్రున తిరిగింది.

"అది నీకెందుకే అమ్మా ఇప్పుడు? అచ్చిరానిది" అన్నారు ఆడపడుచుగారు గుమ్మంలోంచి.

"నా కోడలికి గుండె ఆగింది. దానికి రాయేం చేసుద్దే?" అన్నారు మామ్మగారు. "రోజూ పెట్టుకోమని కొన్నాడు వాడు. రోజూ పెట్టుకోటానికి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు, నేను గాక?"

ఉంగరం తీసి, కళ్ళతో పని లేకుండా, దారాన్ని దాని చుట్టూ వరసగా చుట్టారు. తొడుక్కుని చెయ్యి విదిలించి చూశారు. జారలేదు. బియ్యం చేట దగ్గరికి లాక్కున్నారు. బియ్యంలో ఆ వేళ్ళు మెల్లగా అటూ ఇటూ కదులుతూ రాళ్ళు ఏరుతున్నాయి. దారం మీద తౌడు అంటుకుంటోంది.